ఇసుక గుంటకు ఇద్దరు కాపలా

కాకినాడలో తాతబ్బాయి అని ఒక పెద్దమనిషి ఉండేవాడు. తన నీడ తన పక్కన నడిచినా దాన్ని ఆపి టిక్కెట్టు అడగాలనిపించేటంత అనుమానం ఆయనకు.

అందులో ఆయన తప్పు సగమే. ముప్పై ఏళ్లు బస్సుల్లో టిక్కెట్లు తనిఖీ చేసే ఉద్యోగం చేశాడు. ఎవరైనా నవ్వుతూ టిక్కెట్టు చూపిస్తే, "ఎందుకు నవ్వుతున్నాడు? నిన్నటిదేమో" అనుకునేవాడు. దిక్కులు చూసేవాణ్ణి దొంగ అనుకునేవాడు. సూటిగా చూసేవాణ్ణి గజదొంగ అనుకునేవాడు. మనిషి రిటైరయ్యాడు గాని ఆ చూపు రిటైరు కాలేదు. పాలవాడు పాలు పోస్తుంటే వంగి మరీ చూసేవాడు. భార్య కొత్తిమీర కట్ట తెస్తే విప్పి లోపల వెతికేవాడు.

ఒక్కదానిమీద మాత్రం ఆయనకు అనుమానంలేని ప్రేమ ఉండేది. అది లాంగ్ జంప్. కాలేజీలో దూకినవాడు, అరవై నిండాక మళ్లీ దూకడం మొదలుపెట్టాడు. ముప్పై అయిదేళ్లు దాటినవాళ్ల కోసం మాస్టర్స్ అథ్లెటిక్స్ అని పోటీలుంటాయి. ఎవరి ఈడువాళ్లతో వాళ్లు పరుగెత్తాలి, ఎవరి ఈడువాళ్లతో వాళ్లు దూకాలి. తాతబ్బాయి నాలుగు మీటర్ల పది సెంటీమీటర్లు దూకేవాడు. ఆ పది సెంటీమీటర్ల సంగతి అడిగినవాళ్లకూ చెప్పేవాడు, అడగనివాళ్లకూ చెప్పేవాడు.

ఊళ్లో ఇలాంటి పెద్దవాళ్లంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైన రామలక్ష్మి గారు దానికి అధ్యక్షురాలు, తాతబ్బాయి కార్యదర్శి. ఒకరోజు ఆవిడ, "ఆసియా మాస్టర్స్ పోటీలు మన ఊళ్లో పెట్టమని అడుగుదామండి. అడిగితే పోయేదేముంది?" అంది.

ముందు అందరూ నవ్వారు. తరవాత అందరూ ఒప్పుకున్నారు. తాతబ్బాయికి ఆ రోజు అన్నం సయించలేదు, అంత సంతోషం. ఇరవై దేశాలవాళ్లు చూస్తుండగా, తన ఊళ్లో, తాను రోజూ దూకే గుంటలో ఒక్కసారి దూకాలి. ఈ జన్మకు ఆయన కోరుకున్నది అదొక్కటే.

దరఖాస్తు ఎలా పెట్టాలో చెప్పే లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి పోటీలు నడిపే పై సంఘం నుంచి వచ్చింది. తాతబ్బాయి మొదటి పది పేజీలు చదివాడు. "ఇది నలుగురి చేతుల్లో పడితే రహస్యం దాగదు" అనుకుని తీసుకెళ్లి ఇంట్లో బీరువాలో పెట్టి తాళం వేశాడు. దరఖాస్తు అందరూ కలిసి తోచినట్టు రాశారు. అందులో ఒక మంచి మాట పడింది. వచ్చే ఆటగాళ్లను ఊళ్లోవాళ్ల ఇళ్లల్లో అతిథులుగా ఉంచుకుంటామని. అది మార్తమ్మ చెప్పిన ఆలోచన. ఆవిడ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైంది, నడక పోటీల్లో పాల్గొనేది.

ఆ పోటీలనే ఇంకో రాష్ట్రంలోని ఒక పట్నంవాళ్లు కూడా అడిగారు. నెల తిరక్కుండా పేపర్లో వార్త వచ్చింది. ఆ పట్నంవాళ్లు కూడా ఆటగాళ్లను ఇళ్లల్లోనే ఉంచుకుంటామని రాశారట!

తాతబ్బాయి చేతిలో కాఫీ చల్లారిపోయింది. "మనలో ఎవరో మన మాట వాళ్లకి చేరేశారు" అన్నాడు గోడకేసి చూస్తూ.

అంతే, ఆ రోజునుంచి మైదానంలో అడుగు పెడితే ఆయనకు అందరూ టిక్కెట్టు లేని ప్రయాణికుల్లాగే కనిపించారు. "ఏంటండీ, అలా ఉన్నారు?" అని పలకరించినవాణ్ణి, వీడికెందుకింత ఆరా అనుకున్నాడు. పలకరించకుండా పోయినవాణ్ణి, తప్పు చేసినవాడే మొహం చాటేస్తాడు అనుకున్నాడు. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా!

ఇంతలో ఉత్తరం వచ్చింది. శ్రీలంక నుంచి వీరకోన్ అనే పరిశీలకుడు వస్తున్నాడు, ఆయన ముందు ఒక్కపూట నమూనా పోటీలు జరిపి చూపించాలి. అది బాగుంటే ఊరికి పోటీలొచ్చినట్టే. రామలక్ష్మి గారు అరవైమంది వాలంటీర్లను పోగుచేసి, పనికిద్దరు చొప్పున ముప్పై పనులు అప్పగించింది. లాంగ్ జంప్ ఇసుక గుంట మార్తమ్మకూ, అబ్బులుకూ వచ్చింది. అబ్బులుకు షామియానాల కొట్టు ఉంది. ఆవిణ్ణి "అక్కా" అనేవాడు, ఆవిడ "తమ్ముడూ" అనేది. పొద్దున్న నడక అయ్యాక ఇద్దరూ ఒకే బండి దగ్గర పెసరట్టు తినేవాళ్లు.

తాతబ్బాయికి ఆ పెసరట్టే నచ్చలేదు. మార్తమ్మను గ్యాలరీ వెనక్కి పిలిచాడు.

"చూడండి మార్తమ్మ గారూ, అబ్బులు మీద నాకు నమ్మకం లేదు. రోజూ పది ఊళ్లు తిరిగే మనిషి. ఎవరితో ఏం మాట్లాడతాడో మనకేం తెలుసు? మీరు ఆ గుంటలో చెయ్యి పెట్టకండి. అతనేం చేస్తాడో కనిపెట్టి నాతో చెప్పండి. ఈ మాట మూడోకంటికి తెలియకూడదు."

మార్తమ్మ మొహం చిన్నబోయింది. "సరే సార్" అంది.

ఆవిడ వెళ్లిపోయాక ఆయనకు ఇంకో పురుగు తొలిచింది. "అంత తొందరగా ఎందుకు ఒప్పుకుంది? ఇళ్లల్లో ఉంచుకునే మాట ముందు చెప్పింది ఆవిడే కదా. కంచే చేను మేస్తే?" మర్నాడు అబ్బుల్ని అదే గ్యాలరీ వెనక్కి పిలిచాడు.

"ఏమయ్యా అబ్బులూ, మార్తమ్మ గారి సంగతి నాకేదో తేడాగా ఉంది. నువ్వు పార ముట్టుకోకు. ఆవిడ మీదే కన్నేసి ఉంచు."

"అక్క మీదాండీ?" అన్నాడు అబ్బులు నోరు తెరిచి.

"అక్క కాదు, చుట్టం కాదు. చెప్పింది చెయ్యి."

అలా రోజుకిద్దరు ముగ్గురు చొప్పున అరవైమందినీ గ్యాలరీ వెనక్కి తిప్పాడు. ముందు జంటలో ఒకరిమీద రెండోవాళ్లని కాపలా పెట్టాడు. తరవాత ఆ కాపలా మీద నమ్మకం చాలక, మొదటివాళ్లనే తిరిగి దానికి కాపలా పెట్టాడు. పని అవతలివాళ్లు చేస్తారులే అని ప్రతివాళ్లకీ చెప్పాడు. ఇంక ఎవరూ తన కన్ను కప్పలేరని గుండెమీద చెయ్యి వేసుకున్నాడు. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి!

నెల తిరిగేసరికి మైదానం రంగు మారింది. పెసరట్టు బండి దగ్గర మార్తమ్మ ఈ చివర నిలబడితే, అబ్బులు ఆ చివర నిలబడ్డాడు. ఎవరైనా ఫోన్లో మాట్లాడితే పక్కవాళ్లు చెవులు రిక్కించారు. ఎవరైనా సంచి తెస్తే అందులో ఏముందోనని తొంగిచూశారు. ఇన్నాళ్లూ కలిసి పరుగెత్తినవాళ్లు "బాగున్నారా" అనడానికి కూడా వెనకా ముందూ ఆడారు.

రామలక్ష్మి గారికి ఏదో తేడా కొట్టి, తాతబ్బాయిని నిలదీసింది. ఆయన దాచకుండా, "కాస్త కాపలా పెట్టానండి" అన్నాడు.

"వీళ్లంతా తమ పనులు మానుకుని ఊరికే వచ్చినవాళ్లండి. పైసా అడగరు. ఊరికే వచ్చినవాళ్లకి నమ్మకమే జీతమండి."

"జీతం లేనివాడి మీదే ఎక్కువ కన్నెయ్యాలండి, టీచర్ గారూ. ఎందుకొచ్చాడో తెలీదు కదా!"

ఆవిడ నిట్టూర్చి తన పనిమీద వెళ్లిపోయింది. తానెంత కాపలా పెట్టాడో ఆయన అప్పటికీ పూర్తిగా చెప్పలేదు.

నమూనా పోటీల రోజు వచ్చింది. వీరకోన్ తెల్లటోపీ పెట్టుకుని పొద్దున్నే మైదానానికి వచ్చాడు. డెబ్భై దాటిన మనిషి, అయినా గడకర్రలా నిటారుగా ఉన్నాడు. ఆయన ముందుగా నీళ్ల డ్రమ్ము దగ్గరికి వెళ్లాడు. డ్రమ్ముకు అటొకరు ఇటొకరు కూర్చుని ఒకరినొకరు చూసుకుంటున్నారు. డ్రమ్ము ఖాళీగా ఉంది. హర్డిల్స్ పరుగుకు వేళయింది. హర్డిల్స్ గోడవారగా పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. రామలక్ష్మి గారు కంగారుగా వాటిని తనే మోసుకొచ్చింది. వందమీటర్ల పరుగులో ఇంకా విచిత్రం జరిగింది. గీత దగ్గర గడియారాలు పట్టుకున్న ఇద్దరూ ఒకరి బొటనవేలు ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు. అరవై అయిదేళ్ల పెద్దాయన రొప్పుతూ వాళ్ల మధ్యనుంచి దూసుకుపోయి, వెనక్కి తిరిగి, "నాకెంత పట్టిందండీ?" అని అడిగాడు. ఇద్దరి గడియారాల్లోనూ సున్నాలే ఉన్నాయి. వీరకోన్ తన పుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

తాతబ్బాయికి చెమటలు పట్టాయి. "చూశారా, నేననుకున్నంతా అయింది. లోపల ఎవరో చెడగొడుతున్నారు" అని గొణుక్కున్నాడు. ఇంతలో మైకులో లాంగ్ జంప్ పిలిచారు. మొదటి పేరు ఆయనదే.

రెండు రోజుల కిందట పడ్డ వానకు గుంటలో ఇసుక అణిగిపోయింది. తరవాత కాసిన ఎండకు బిగుసుకుంది. పైకి మాత్రం నున్నగా, ముచ్చటగా ఉంది. తాతబ్బాయి దాన్ని ఒక్క చూపు చూసి తృప్తిపడ్డాడు. ఆయన అనుమానమంతా కాలు గీత దాటితే ఎత్తడానికి ఎర్రజెండా పట్టుకున్న మనిషి మీద ఉంది. అతనివైపే ఓరగా చూస్తూ పరుగెత్తాడు. ఎగిరాడు. ఆ ఎగరడం నిజంగా బాగుంది, ఎన్నడూ అంత ఎత్తు లేవలేదు. దిగడమే సిమెంటు గచ్చు మీద దిగినట్టు దిగాడు. చీలమండ కలుక్కుమంది. ఆయన కేక ఆ చివరి గ్యాలరీ దాకా వినిపించింది.

అందరూ పరుగెత్తుకొచ్చారు. గుంట పక్కన రెండు కుర్చీలు ఎదురెదురుగా ఉన్నాయి. మధ్యలో పార నిలబెట్టి ఉంది. దాని కొనకు చిటికెడు ఇసుక కూడా అంటలేదు.

"ఇసుక ఎవరూ తవ్వలేదా?" అని ఏడుపు గొంతుతో అరిచాడు తాతబ్బాయి.

"నేను మార్తమ్మక్కని చూస్తున్నానండి. పార ముట్టుకోవద్దని మీరే చెప్పారు కదండీ" అన్నాడు అబ్బులు.

"నేను అబ్బుల్ని చూస్తున్నాను సార్. గుంటలో చెయ్యి పెట్టొద్దని మీరే కదా అన్నారు!" అంది మార్తమ్మ.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "నన్ను కనిపెట్టమని నీకు చెప్పాడా, తమ్ముడూ?" అంది ఆవిడ నెమ్మదిగా. నీళ్ల డ్రమ్ము దగ్గరివాళ్లు, "మాకూ అదే చెప్పాడు" అన్నారు. గడియారాలవాళ్లు, "మాకూ" అన్నారు. ఆ మాట మైదానమంతా తిరిగొచ్చింది. ఎవరు తవ్విన గోతిలో వాళ్లే పడతారని విన్నాం. తాతబ్బాయి మాత్రం ఎవరూ తవ్వని గోతిలో పడ్డాడు.

నవ్వాల్సింది గాని, ఎవరూ నవ్వలేదు. వాళ్లకు అంత కష్టంగా ఉంది.

మార్తమ్మే ముందు కదిలింది. మోకాళ్లమీద కూర్చుని ఆయన బూటు విప్పి, పాదం ఒళ్లో పెట్టుకుని చూసింది. "ఎముక విరిగినట్టుంది. కదపకండి సార్. తమ్ముడూ, ఐసు!" అంది. అబ్బులు అప్పటికే పరుగెత్తాడు. ఆయన్ని ఆటో ఎక్కించే లోపల ఎవరూ ఎవరికీ చెప్పకుండానే డ్రమ్ములో నీళ్లు పడ్డాయి. పరుగు గీతల మీద హర్డిల్స్ నిలబడ్డాయి. అబ్బులు పార తీసుకుని గుంటను మోకాటి లోతు తవ్వి ఇసుక గుల్లచేశాడు. మధ్యాహ్నం దాకా పోటీలు చక్కగా జరిగాయి. వీరకోన్ అదీ రాసుకున్నాడు.

మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. రామలక్ష్మి గారు, మార్తమ్మ, అబ్బులు దాన్ని పట్టుకుని తాతబ్బాయి ఇంటికి వెళ్లారు. ఆయన సిమెంటు కట్టు కట్టిన కాలు పీటమీద పెట్టుకుని కూర్చున్నాడు. టీచర్ గారు ఉత్తరాన్ని తెలుగులో చదివి వినిపించింది. పోటీలు ఆ రెండో పట్నానికి ఇచ్చేశారు. కింద వీరకోన్ సొంతంగా నాలుగు మాటలు రాశాడు. "మీకు అరవైమంది వాలంటీర్లున్నారని రాశారు. మొదట నాకు కనిపించింది అరవైమంది కాపలావాళ్లు. మీ కార్యదర్శి పడిపోయాక పది నిమిషాల్లో ఆ వాలంటీర్లు కనిపించారు. మళ్లీసారి వాళ్లతో మొదలుపెట్టి అడగండి."

తాతబ్బాయి ఉత్తరాన్ని అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. చివరికి, "అయినా ఆ ఇళ్లల్లో ఉంచుకునే మాట బయటికి చేరేసింది ఎవరో తేలలేదు" అన్నాడు.

"ఆ పుస్తకం ఓసారి ఇవ్వండి" అంది రామలక్ష్మి గారు.

ఆయన భార్య బీరువా తీసి తెచ్చిచ్చింది. టీచర్ గారు పేజీలు తిప్పుతూ పన్నెండో పేజీ దగ్గర ఆగింది. "ఇదిగోండి. ఆటగాళ్లను ఊరివాళ్ల ఇళ్లల్లో ఉంచగలరేమో రాయమని, పోటీలు కావాలన్న ఊళ్లన్నిటికీ పై సంఘంవాళ్లే చెప్పారు. ఎవరూ ఎవరికీ చేరెయ్యలేదండి."

తాతబ్బాయి చదివింది పది పేజీలే. ఆయన ఎప్పుడూ ఎవరి ముందూ తల దించినవాడు కాదు, అప్పుడు దించాడు. "మార్తమ్మ గారూ, మీ మీదే..." అని ఇంకేదో చెప్పబోయి మానేశాడు. కళ్లు తుడుచుకుని, బీరువా తాళంచెవి తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఇది మా దగ్గరెందుకు సార్? పుస్తకం చాలు" అని ఆవిడ తాళంచెవి ఆయనకే తిరిగిచ్చేసింది.

కట్టు విప్పిన రెండు నెలలకు తాతబ్బాయి మళ్లీ మైదానానికి వచ్చాడు. మళ్లీ దరఖాస్తు పెట్టాలంటే నాలుగేళ్లు ఆగాలి. అప్పటికి తన మోకాళ్లు ఏమంటాయో ఆయనకు తెలియదు. అబ్బులు ఇసుక తవ్వుతున్నాడు, మార్తమ్మ నీళ్లు చల్లుతోంది. తాతబ్బాయి కుర్చీని గుంటవైపు నుంచి వెనక్కి తిప్పి, వాళ్లకు వీపు పెట్టి కూర్చుని బూట్ల తాళ్లు కట్టుకున్నాడు.

"అయిందండీ, దూకండి" అన్నాడు అబ్బులు.

తాతబ్బాయి లేచాడు. గుంట దగ్గరికి వెళ్లి చూడలేదు, వేలు పెట్టి గుచ్చి చూడలేదు. పరుగెత్తుకొచ్చి దూకాడు. ఇసుక మెత్తగా ఆయన్ని పట్టుకుంది. మూడు మీటర్ల అరవై సెంటీమీటర్లే వచ్చింది. అయినా ఆ సంగతి కూడా అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పుకున్నాడు.

ఊరికే వచ్చి సాయం చేసేవాళ్లకు మనమిచ్చే జీతం నమ్మకం ఒక్కటే. అది ఎగ్గొట్టి కాపలా పెట్టుకుంటే చూసే కళ్లు ఎన్నైనా దొరుకుతాయి గాని, పనిచేసే చెయ్యి ఒక్కటీ మిగలదు.