ముత్తాతగారి గాలం

పెద్ద సరస్సు ఒడ్డున సరసీపురమనే చిన్న రాజ్యం ఉండేది. దాన్ని ఏలే ఉద్దండభూపతికి పాత వస్తువులంటే వల్లమాలిన పిచ్చి. చెదలు తిన్న సింహాసనం మీదే కూర్చునేవాడు. సొట్టలు పడ్డ చెంబుతోనే నీళ్ళు తాగేవాడు. ఎవరైనా కొత్త పంచె కట్టుకుని సభకు వస్తే ముక్కు చిట్లించేవాడు.

ఒకనాడు కోటలోని పాత గదులు దులిపిస్తుంటే ఆయన ముత్తాతగారి గాలం బయటపడింది. వెదురు కర్ర వంకరపోయింది. దారం చిక్కులు పడింది. కొక్కెం తుప్పు పట్టి, ముట్టుకుంటే రాలిపోయేలా ఉంది. రాజు దాన్ని పట్టుగుడ్డలో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని సభకు తెచ్చాడు.

"పండితులవారూ! ఇన్నేళ్ళకు దీని విలువ పెరిగిందా, తగ్గిందా?" అని అడిగాడు.

ఆస్థాన పండితుడు జటావల్లభ శర్మ రాజుగారి ముఖం చూసి శాస్త్రం చెప్పడంలో దిట్ట. "పెరిగింది ప్రభూ! గాలమైనా, వలైనా, పడవైనా పాతబడేకొద్దీ విలువ పెరుగుతూనే ఉంటుంది. కొత్తవి గవ్వకు కొరగావు" అన్నాడు.

రాజు పొంగిపోయి అక్కడికక్కడే ఆజ్ఞ జారీ చేశాడు. రాజ్యంలోని పాత వలలు, గాలాలు అన్నీ కోటకు చేరాలి. పాతదానికి విలువ తగ్గిందని ఎవరైనా నోరు జారితే వాళ్ళకు గుండు కొట్టించి, గాడిద మీద ఊరేగించాలి.

భటులు జాలరిపేట మీద పడి వలలన్నీ మూటగట్టుకుపోయారు.

మర్నాడు ఎర్రమ్మ అనే ముసలి జాలరి, రాజుగారి విదూషకుడు తిప్పన ఇంటికి వచ్చింది.

"బాబూ, మా మామ అల్లిన వల అది. చిరిగినచోటల్లా నేనే బాగుచేసుకుంటూ వస్తున్నాను. దాన్ని పట్టుకుపోయి కోటలో గోడకు వేలాడదీశారంట. నిన్నటి నుంచి మా పేటలో పొయ్యిలో పిల్లి లేవలేదు."

"రాజుగారితో చెప్పకపోయావా పెద్దమ్మా?"

"చెబితే గుండేగా బాబూ! ఈ వయసులో ఉన్న నాలుగు వెంట్రుకలూ పోగొట్టుకోమంటావా?"

తిప్పనకు నవ్వు వచ్చింది. కానీ ఎర్రమ్మ కళ్ళలో నీళ్ళు చూడగానే ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "నీ వల నీ చేతికొచ్చే పూచీ నాది" అని చెప్పి, సరస్సు గురించి ఆమెను నాలుగు మాటలు అడిగి, తిన్నగా సభకు వెళ్ళాడు.

"ప్రభూ! అంత ఘనమైన గాలాన్ని పట్టుగుడ్డలో దాచేస్తే ప్రజలు తరించేదెలా? తమరు స్వయంగా సరస్సులో గాలం వేస్తే, ఆ కొక్కేనికి తగులుకునే భాగ్యం నాదంటే నాదని చేపలు కొట్టుకుంటాయి" అన్నాడు.

రాజు మీసం దువ్వాడు. "బాగా చెప్పావు! పడవ సిద్ధం చెయ్యి."

"పాతదా ప్రభూ, కొత్తదా?"

"వెర్రివాడా, అదీ అడగాలా? మా ముత్తాతగారి పడవే!"

ఊరంతా ఒడ్డున చేరింది. బూరలు మోగాయి. రాజు కిరీటం పెట్టుకుని, గాలం పట్టుకుని ముత్తాతగారి పడవ ఎక్కాడు. శాస్త్రం చెప్పినవాడు పక్కనుండాలని పండితుణ్ణి కూడా ఎక్కించి, తెడ్డు ఆయన చేతికిచ్చాడు. తిప్పన కొత్త పడవలో కాస్త ఎడంగా వెనకాలే బయలుదేరాడు.

రాజు గాలం విసిరాడు. విసిరిన ఊపుకే కొక్కెం రాలి నీళ్ళలో పడిపోయింది. ఆ సంగతి తెలియక ఆయన గంభీరంగా దారం కేసి చూస్తూ కూర్చున్నాడు.

కాసేపటికి పండితుడు కాళ్ళు పైకి ముడుచుకున్నాడు. "ప్రభూ, పడవలోకి నీళ్ళు వస్తున్నాయి."

రాజు కిందికి చూశాడు. చీలమండలు మునిగాయి. "తిప్పనా! నీ పడవ ఇటు తీసుకురా!"

తిప్పన రెండు చేతులూ జోడించాడు. "అపచారం ప్రభూ! ఇది మొన్ననే చేసిన పడవ. కొత్తది గవ్వకు కొరగాదని పండితులవారి శాస్త్రం. ఇలాంటి దానిలో తమ పాదం మోపనిస్తానా?"

"పండితులవారూ, మీ శాస్త్రంలో దీనికి మినహాయింపు లేదా?" అని అరిచాడు రాజు.

"ఉంది ప్రభూ, ఒడ్డుకు చేరగానే రాస్తాను!"

నీళ్ళు మోకాళ్ళకు వచ్చాయి. "సరే తిప్పనా, కొత్తదానికీ కొంత విలువ ఉంది!"

"ఎంత ప్రభూ? పాతదాంట్లో సగమా?"

"సగం! సగం! తొందరగా రా!"

తిప్పన చకచకా తెడ్డు వేసి, సరిగ్గా సగం దూరం వచ్చి ఆగిపోయాడు. "సగం విలువ పడవ కదా ప్రభూ, ఇంతవరకే వస్తుంది."

ఒడ్డున జనం నవ్వు ఆపుకోలేక పైపంచెలు నోట్లో కుక్కుకున్నారు. పడవ అంచు నీళ్ళకు ఆనింది. పండితుడు తెడ్డు వదిలేసి రాజుగారి మెడ కావలించుకున్నాడు.

"రెండూ సమానం!" అని కేకపెట్టాడు రాజు.

"సమానమైతే మారడం దేనికి ప్రభూ? ఉన్నదాంట్లోనే హాయిగా కూర్చోండి."

"కొత్తదే ఎక్కువ! పాతదానికి విలువ తగ్గింది! పూర్తిగా తగ్గింది! మా ముత్తాత సాక్షిగా చెబుతున్నాను, నన్ను కాపాడరా నాయనా!"

ఆ మాటతో పడవ బుడుంగుమంది. కిరీటం జారి నీళ్ళలో మునిగిపోయింది. రాజూ పండితుడూ ఒకరినొకరు వాటేసుకుని, కళ్ళు మూసుకుని దేవుళ్ళందరినీ పిలుస్తున్నారు.

"ప్రభూ, కాళ్ళు కింద మోపండి" అన్నాడు తిప్పన.

రాజు కాళ్ళు మోపాడు. నీళ్ళు ఛాతీ వరకే ఉన్నాయి.

ఒడ్డుకు చేరాక రాజు కోపంతో ఊగిపోయాడు. "నన్నే నవ్వులపాలు చేస్తావా? వీడికి గుండు కొట్టించండి!"

"తమ చిత్తం ప్రభూ. కానీ పాతదానికి విలువ తగ్గిందని నేను ఒక్కసారి కూడా అనలేదు. అన్నది ఎవరో ఊరంతా విన్నారు. పైగా ముత్తాతగారు సాక్షి" అన్నాడు తిప్పన వినయంగా.

రాజు చెయ్యి దానంతటదే తన జుట్టు మీదికి వెళ్ళింది. భటులు పిలుచుకొచ్చిన మంగలి ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలియక కత్తి పట్టుకుని నిలబడ్డాడు. అది చూసి ఉద్దండభూపతి ఫక్కుమన్నాడు. ఆ నవ్వు ఎంతకీ ఆగదే!

చివరికి కళ్ళు తుడుచుకుని, చేతిలోని వెదురు కర్రను చూసుకున్నాడు. "తిప్పనా, నిజం చెప్పు. అయితే దీనికి విలువ లేనట్టేనా?"

"చేపనడిగితే లేదనే అంటుంది ప్రభూ. కానీ కిరీటం పోయినా తమరు చూసుకోలేదు, ఈ కర్రను మాత్రం వదల్లేదు. తమ చేతిలో దీని విలువ పెరిగిన మాట నిజమే. కోట గోడకున్న వలలు తమ పెద్దలవి కావు. అవి వీళ్ళ పెద్దలవి."

అప్పుడే ఎర్రమ్మ నీళ్ళలోకి దిగి, కాలితో దేవులాడి, కిరీటం పైకి తీసి తెచ్చింది. "మీ వస్తువు దొరా, తీసుకోండి" అంది.

రాజు ముఖం చిన్నబోయింది. వలలన్నీ ఆ క్షణమే తిరిగి ఇచ్చెయ్యమని భటులను పంపాడు. తన మెడలోని ముత్యాల హారం తీసి తిప్పన మెడలో వేసి, "ఇంకేం కావాలో కోరుకో" అన్నాడు.

"ఎర్రమ్మ ఇంట్లో చేపల పులుసు తినాలని ఉంది ప్రభూ. తమరు కూడా రావాలి."

"ఈ రోజే వస్తాను! ఇకమీదట నాకు అన్నీ కొత్తవే కావాలి. కొత్త చేప, కొత్త కుండ, అప్పుడే దించిన పులుసు!"

ఎర్రమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఈ రోజు వద్దు దొరా, రేపు రండి. చేపల పులుసు పాతబడితేనే రుచి."

రాజు నోరు తెరిచి పండితుడి వైపు తిరిగాడు.

"నన్ను మాత్రం ఏమీ అడక్కండి ప్రభూ!" అన్నాడు జటావల్లభ శర్మ, పంచె పిండుకుంటూ.

ఉద్దండభూపతి పొట్ట పట్టుకుని ఇసుకలో కూలబడి మరీ నవ్వాడు. మర్నాడు ఎర్రమ్మ వాకిట్లో విస్తరి ముందు కూర్చుని, ఆ నిన్నటి పులుసును అడిగి అడిగి వేయించుకున్నాడు.