దొరగారి ఇరవై ఒక్క కర్రలు

వెనకటికి ఒక సంస్థానంలో దొరగారికి కర్రబంతి ఆటంటే ప్రాణం. బంతి కొట్టే కర్రలు ఇరవై ఒక్కటి చేయించి, అన్నీ సంచిలో వేసి నౌకరు గంటయ్యను మొయ్యమనేవారు. మోసీ మోసీ ఆ ముసలివాడి కుడి భుజం పుండైంది.

"మొయ్యలేకపోతే రేపట్నించి రావద్దు" అన్నారు దొర.

గంటయ్య ఇల్లు గడిచేది ఆ పనితోనే. అమ్మవారిని తలుచుకుని చేతులు కట్టుకున్నాడు.

"మోస్తాను దొరా. కానీ పనిముట్టు ఎత్తేముందు దాని పని చెప్పి కళ్ళకద్దుకోవడం మీ పెద్దల ఆచారం. అది మీ చేత్తోనే జరగాలి."

ఆచారమనేసరికి దొర కాదనలేకపోయారు. దూరం కొట్టేదొకటి, గడ్డిలోంచి లేపేదొకటి, ఇసుకలోంచి తీసేదొకటి, గుంటలోకి దొర్లించేదొకటి. ఒక్కొక్కటే కళ్ళకద్దుకుని సంచిలో పెట్టారు. అయిదోది పట్టుకుని ఆగిపోయారు.

"ఇది దేనికిరా?"

"మీకే తెలియకపోతే మైదానంలో దీన్ని ఎప్పుడు ఇమ్మని అడుగుతారు దొరా?"

"మరి ఇన్నెందుకు చేయించానంటావు?" దొర గొంతు గరుకైంది.

"వచ్చిన చుట్టాలు చూసి మెచ్చుకోవడానికి బాబూ. వాళ్ళు కూర్చునేది ఈ సావిట్లో, నా సంచిలో కాదు గదా."

దొర ఆ అయిదో కర్రను మిగతావాటితో పాటు గోడకు ఆనించి, నాలుగు కర్రల సంచిని తానే ఎత్తి గంటయ్య ఎడమ భుజానికి తగిలించారు.