సారచెట్లకు సంబంధం తెచ్చిన ఈదమ్మ

అనగనగా ఒక కొండ. ఆ కొండ కింద పదిళ్ళ గూడెం. దగ్గరికి జరుగు బంగారం, ఇది కాస్త భయం కథ. మధ్యలో కెవ్వుమన్నావంటే చెప్పను మరి.

ఆ గూడెంలో ఈదమ్మని ఒకావిడ ఉండేది. వేసవిలో కొండమీద సారకాయలు ఏరి, తిరగలిలో పెంకు పగలగొట్టి పప్పు తీసేది. పాయసంలోంచి నువ్వు ఏరుకుని తింటావే, ఆ సారపప్పే. గూడెమంతా దాని మీదే బతికేది.

ఒకప్పుడు ఈ కొండ నుంచి అవతలి పెద్దకొండ దాకా అడవి ఒకటే. కొన్నాళ్ళకి నడుమ పెద్ద రోడ్డు వేశారు. ఆ తర్వాత రోడ్డు పొడుగునా మిరపచేలు వేసి, మందులు కొట్టారు. తేనెటీగలు పెద్దకొండ నుంచి ఇటు రావడం మానేశాయి. ఈ కొండమీద ముసలి చెట్లు ఒక్కొక్కటే పడిపోయాయి.

ఈదమ్మ ఊరుకుంటుందా? ఉన్నవాటిలో అన్నిటికన్నా తియ్యటి కాయ కాసే చెట్టు ఒకటుంది. ఏరికోరి దాని గింజలే కొండంతా నాటింది. కొన్నేళ్ళకి, తల్లిచెట్టు తప్ప పాతవన్నీ పడిపోయేసరికి, అవి నలభై చెట్లయ్యాయి. పూత విరగబూసింది. గూడెమంతా మురిసిపోయింది.

మొదటి వేసవి కాయలు పగలగొడితే సగం తాలు. లోపల పప్పే లేదు. తర్వాతి వేసవి బుట్టెడు పగలగొడితే గుప్పెడు పప్పు రాలేదు. మూడో ఏడు, పగలగొట్టకుండా కాయలన్నీ నాటింది. ఏవో కొన్ని మొలిచాయి. కానీ ఆకులు పచ్చగా లేవు నాన్నా, తెల్లగా ఉన్నాయి! నెత్తురు లేని మొహాల్లా పాలిపోయి ఉన్నాయి. వారం తిరక్కుండా అన్నీ చచ్చిపోయాయి.

గూడెం వణికిపోయింది. గాలి సోకిందన్నారు, కోడిని కోశారు, చెట్లకి వేపాకు కట్టారు. ఏమీ లాభం లేకపోయింది. వచ్చే ఏడూ ఇలాగే ఉంటే గూడెం ఖాళీ చేసి పోవాల్సిందే అన్నారు పెద్దలు. ఈదమ్మకి అన్నం సయించలేదు. గింజలు ఏరింది తనే కదా! తన చెయ్యే చెడ్డదనుకుని కుమిలిపోయింది.

అప్పుడు ఆమె కూతురు గురవికి ఎక్కడో దూరపు గూడెం నుంచి సంబంధం వచ్చింది. గూడెం పెద్ద బొల్లయ్య తాత ముందుగా వాళ్ళ ఇంటిపేరు అడిగాడు. వినగానే చెయ్యి అడ్డంగా ఊపాడు.

"మీదీ వాళ్ళదీ ఒకటే ఇంటిపేరు గదమ్మా ఈదమ్మా! అన్నాసెల్లెళ్ళవుతారు. ఏరే ఇంటిపేరోళ్ళని సూడు."

ఈదమ్మ చటుక్కున కొండకేసి చూసింది. కొండమీది నలభై చెట్లూ ఒక్క తల్లి పిల్లలే! వాటిలో అవే పుప్పొడి పంచుకుంటున్నాయి. బయటి సంబంధం తెచ్చే తేనెటీగలు రావడం లేదు. మరి ఇంకెవరు తెస్తారు?

పూతకాలం రాగానే ఈదమ్మ తెల్లవారే పెద్దకొండకి వెళ్ళి అక్కడి సారచెట్టు పూకొమ్మ తుంచింది. ఇంటికొచ్చేసరికి అది ఎండకి వడిలిపోయింది. మర్నాడు తడిగుడ్డ చుట్టి తెచ్చింది. రోడ్డు మీద లారీ ఒకటి రయ్యిమని ఒరుసుకుపోయింది. ఈదమ్మ వెనక్కి పడింది, పూలన్నీ రాలిపోయాయి. ఇంకొక్క అడుగు ముందుకేసి ఉంటే ఈదమ్మే ఉండేది కాదు. మూడోనాడు రోడ్డు దగ్గర లారీలన్నీ పోయేదాకా ఆగింది. కొమ్మని పొట్టకి అదుముకుని, ఒక్క పరుగు తీసింది.

ఆ తర్వాత ఆ పూలని తల్లిచెట్టు పూలకి ఒక్కొక్కటే అద్ది, ఆ గుత్తికి దారం కట్టింది.

దారం కట్టిన గుత్తికి ఎనిమిది కాయలొచ్చాయి. పగలగొట్టి చూడ్డానికి చెయ్యి రాలేదు. అలాగే నాటింది. వానలు పడ్డాయి. చాన్నాళ్ళకి ఒక్కటి మట్టి పగలదీసుకుని లేచింది. ఈదమ్మ గట్టిగా కళ్ళు మూసుకుంది.

"గురవీ, నువ్వే సూసి సెప్పవే. నావల్ల కాదు."

"పచ్చగుందమ్మా! పచ్చగా ఉంది!"

ఈదమ్మ ఆ మొక్క పక్కనే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

మరుసటేడు గూడెమంతా కలిసి నలభై చెట్లకీ పెద్దకొండ పూలు అద్దారు, కాయల్లో పప్పు నిండింది. గూడెం ఎక్కడికీ పోలేదు. కానీ రోడ్డూ ఎక్కడికీ పోలేదు కదా! ఏటా పూతకాలంలో ఎవరో ఒకరు దాన్ని దాటాల్సిందే. ఇప్పుడు గురవి దాటుతోంది. కొమ్మతో కూతురు ఇవతల అడుగు పెట్టేదాకా, ఈదమ్మ రోడ్డంచున ఊపిరి బిగబట్టి నిలబడుతుంది.

కథేమో కంచి దారి పట్టింది,
కునుకేమో మనింటి తలుపు తట్టింది.