దక్షిణం అని చెప్పి ఉత్తరానికి

"బావో! ఓ ఎల్లాజీ బావో! ఇయాల ఏ పక్కకి?"

దానయ్య కేక వీధి ఆ చివర నుంచి ఈ చివరకి వినిపించింది. పెట్రోలు డబ్బా భుజాన వేసుకుని రేవు వైపు పోతున్న ఎల్లాజీ వెనక్కి తిరగనైనా తిరగలేదు. "దక్షిణానికి బావా! లైట్‌హౌసు సూపించి తెచ్చేత్తాను!" అని అంతకంటే గట్టిగా అరిచాడు.

అది పచ్చి అబద్ధం. రాళ్లపాలెం అనే సముద్రపుటొడ్డు ఊళ్లో ఈ గరికిన ఎల్లాజీ మంచి పనిమంతుడు, గజ ఈతగాడు, కానీ తాను వెళ్లే చోటు మాత్రం ఎవరికీ నిజం చెప్పేవాడు కాదు.

ఈ అలవాటు అతనికి వల వేసే రోజుల్లో అంటుకుంది. వంజరం చేపలు పడే చోటు ఒకటి దొరికిందని తెలిస్తే చాలు, మర్నాడు అక్కడ పది బోట్లు వాలేవి. అందుకని జాలర్లు ఒకరితో ఒకరు కాస్త అటూ ఇటూ చెప్పుకోవడం మామూలే. దాన్ని ఎవరూ తప్పు పట్టరు. కానీ ఆ ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. సముద్రం మీదికి బయలుదేరే మనిషిని ఇంట్లో ఆడవాళ్లు "ఎక్కడికి?" అని అడగరు. అడిగితే అపశకునం. కాబట్టి అడగకముందే అతనే, ఏ పక్కకి వెళ్తున్నాడో ఇంట్లో చెప్పి గడప దాటాలి. బయట ఎన్ని కోతలు కోసినా సరే, గడప లోపల నిజమే చెప్పాలి. రావలసిన వేళకి మనిషి రాకపోతే బోట్లు ఆ పక్కకే కదా వెళ్లి వెతికేది!

ఎల్లాజీ గడప లోపల కూడా అబద్ధమే చెప్పేవాడు. ఎందుకంటే అతని భార్య పోలమ్మ దానయ్యకి సొంత చెల్లెలు. "దానికి సెప్పడవంటే మైకులో సెప్పడవే" అనుకునేవాడు.

ఇప్పుడు అతను వల మానేసి స్పీడుబోటు నడుపుతున్నాడు. టూరిస్టులను తిప్పుతాడు. దానయ్యకీ ఒక పెద్ద బోటు ఉంది, అతనూ తిప్పుతాడు. అయితే ఎల్లాజీ దగ్గర ఒక రహస్యం ఉంది. ఊరికి ఉత్తరాన కప్పకొండ అని ఒక కొండ సముద్రంలోకి ముక్కులా పొడుచుకుని ఉంటుంది. దాని కింద ఒక బిలం. నీళ్లు వెనక్కి తగ్గిన పాటు వేళలోనే దాని నోరు కనిపిస్తుంది. పోటు వచ్చిందంటే మూసుకుపోతుంది. అక్కడొక బిలం ఉందని ఊళ్లో అందరికీ తెలుసు గాని, లోపలికి బోటు పోతుందని ఒక్క ఎల్లాజీకే తెలుసు.

ఆ రోజు అతని బోటు ఎక్కినవాళ్లు మార్టేరు నుంచి వచ్చిన వరప్రసాదు, అతని భార్య హైమావతి, వాళ్ల ఎనిమిదేళ్ల అమ్మాయి లాస్య. ముగ్గురికీ లైఫ్ జాకెట్లు తొడిగాడు. ఒడ్డున అందరూ చూస్తూ ఉండగా బోటుని దక్షిణానికి ఉరికించాడు. లైట్‌హౌసు దాటాక సముద్రం లోపలికి మళ్లించి, ఒడ్డు సన్నటి గీతలా అయిపోయాక, చుట్టు తిప్పి ఉత్తరానికి పట్టించాడు.

"అదేంటి బాబూ, మళ్లీ వెనక్కి వెళ్తున్నాం?" అంది హైమావతి.

"అదేనమ్మా మజా! మీకు సూపించే గుహ ఇంకెవరికీ తెలీదు. మనం ఎటెల్లామో కూడా ఎవరికీ తెలీదు."

"ఎవరికీ తెలీదా!" అని ఆమె సంబరపడిపోయింది. "వింటున్నారా ఏవండీ, మనకే ప్రత్యేకంగా!"

గుహ నిజంగా అంత సంబరపడవలసిందే. నోట్లోంచి వచ్చిన ఎండ అడుగున ఇసుకకి తగిలి, నీళ్లన్నీ కింద దీపం పెట్టినట్టు పచ్చగా వెలిగాయి. పైన గూళ్లలో అడవి పావురాలు గుడగుడమంటున్నాయి. లాస్య "ఓ..." అంటే గోడలు నాలుగుసార్లు "ఓ..." అన్నాయి. ఫోటోలు తీసుకున్నారు. ఇంకొన్ని తీసుకున్నారు. ఎల్లాజీ కూడా ముచ్చటపడి చూస్తూ నిలబడ్డాడు.

మామూలుగా అయితే అతనికి నీళ్ల లెక్క తప్పదు. కానీ ఊళ్లోవాళ్ల కళ్లుగప్పడానికి కొట్టిన ఆ చుట్టు అరగంటకు పైగా తినేసింది. పాటు అయిపోయి, పోటు మొదలైంది. ఒక పెద్ద అల బోటుని పైకెత్తి రాతి మీద దించింది. వెనకాల కటక్‌మని చప్పుడైంది. ఇంజను అరుస్తోంది గాని బోటు కదలదు. నీళ్లలో తిరిగే పంకా విరిగిపోయింది.

"ఏం పర్వాలేదమ్మా, ఏం పర్వాలేదు" అంటూ ఎల్లాజీ తెడ్డు అందుకున్నాడు. నోటి దాకా వెళ్లడం, అల లోపలికి నెట్టేయడం. మళ్లీ వెళ్లడం, మళ్లీ నెట్టేయడం. అరచేతులు బొబ్బలెక్కాయి. చూస్తూ చూస్తూ ఉండగానే గుహ నోరు సగానికి తగ్గింది. పచ్చటి వెలుగు మసకబారింది. ముగ్గురినీ గోడ పక్కనున్న రాతి అరుగు మీదికి ఎక్కించి, బోటుని తాడుతో కట్టేశాడు. అరుగంతా పాచి పట్టి జారుతోంది.

వరప్రసాదు ఫోను చూశాడు. సిగ్నల్ లేదు. ఎల్లాజీ ఫోనులోనూ లేదు.

పన్నెండుకల్లా ఒడ్డుకి చేరవలసిన బోటు. ఒంటిగంట దాటింది. రెండైంది. నీళ్లు అరుగు అంచుని తాకాయి.

అప్పుడు వినిపించాయి ఇంజన్లు. దూరంగా, ఊరి వైపు నుంచి, ఒకటి కాదు, మూడు. అందులో దగ్గుతూ పరిగెత్తేది దానయ్య బోటు. ఆ దగ్గు ఎల్లాజీకి నిద్రలో కూడా తెలుస్తుంది. "వచ్చేస్తన్నారు! మావోళ్లే!" అని ఎగిరి గంతేశాడు.

చప్పుడు దగ్గరవలేదు. కొంచెం తగ్గింది. ఇంకొంచెం తగ్గింది. తర్వాత అలల హోరు తప్ప ఏమీ లేదు.

బోట్లు దక్షిణానికి వెళ్లిపోయాయి. అతను చెప్పిన వైపుకే.

"అంకుల్, మనం ఇక్కడున్నామని ఎవరికి తెలుసు?" అంది లాస్య.

ఆ పిల్ల మొహం చూస్తూ అబద్ధం చెప్పడం ఎల్లాజీ వల్ల కాలేదు. "ఎవరికీ తెలీదమ్మా" అన్నాడు. "దక్షిణానికని సెప్పొచ్చాను. మా ఇంటిదానికి కూడా."

వరప్రసాదు అతని చొక్కా పట్టుకున్నాడు. "బుద్ధుందా నీకు? చిన్నపిల్లని తీసుకొచ్చి, ఇంట్లో కూడా అబద్ధం చెప్పి వస్తావా?"

"చొక్కా వదలండి" అంది హైమావతి. ఆమె పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. "పొద్దున్న ఫోనులో మీ అమ్మగారికి మీరేం చెప్పారు? సింహాచలం దర్శనానికి వెళ్తున్నాం అని కాదూ?"

వరప్రసాదు చెయ్యి జారిపోయింది. "అమ్మకి సముద్రమంటే భయమని..." అని గొణిగాడు.

అల ఒకటి వచ్చి అందరి పాదాలూ తడిపి పోయింది. ఇక ఆలోచించడానికి సమయం లేదు. ఎల్లాజీ ఫోనుని బిస్కెట్ల ప్లాస్టిక్ సంచిలో చుట్టి, మూతి ముడేసి, లుంగీ గోచీగా బిగించాడు.

"ఎక్కడికి? మమ్మల్ని వదిలేసి పోతావా?" అన్నాడు వరప్రసాదు.

"ఎక్కడికి?" అనే ఆ మాట ఇంకో రోజైతే ఎల్లాజీకి ఒళ్లు మండేది. ఇప్పుడు నిలబడి, వేలు పెట్టి చూపించి మరీ చెప్పాడు. "ఈ నోట్లోంచి బయటికెళ్లి, కుడిచేతి పక్కకి ఈదుతానండి. అక్కడ నల్లరాయి ఉంటాది. దాని మీద సిగ్నల్ వస్తాది. ఫోను చేసి, మళ్లీ ఇక్కడికే వస్తాను. పాపా, నువ్వు గోడకి వీపు ఆనించి కూర్చో. లేవొద్దు."

తన జీవితంలో మొదటిసారి, వెళ్లే చోటు ఉన్నదున్నట్టు చెప్పి వెళ్లాడు.

నోటి దగ్గర అల అతన్ని రెండుసార్లు గోడకేసి కొట్టింది. మూడోసారి మునిగి, కింద నుంచి బయటపడ్డాడు. నల్లరాతికి అంటుకున్న గవ్వలు కత్తుల్లా ఉన్నాయి. మోకాళ్లు చీరుకుపోయాయి. రాయెక్కి, సంచి విప్పి చూస్తే సిగ్నల్ ఒక్క గీత. దానయ్య నంబరు నొక్కాడు.

"ఎవరూ, ఎల్లాజీ బావేనా? ఎక్కడున్నావు?" దానయ్య గొంతు. వెనకాల ఇంజను దగ్గుతోంది.

చెప్పాలి. కానీ చూడండి అలవాటు ఎంత చెడ్డదో. ప్రాణం మీదికి వచ్చినా నాలుక ముందు ఆ పక్కకే పోయింది. "ద... ద..." అన్నాడు. "ఉత్తరం బావా! కప్పకొండ కింద, బిలంలో. పంకా ఇరిగిపోనాది. లోపల ముగ్గురున్నారు. బేగి రా!"

"నువ్వు దక్షిణానికి పోవడం నా కళ్లతో సూసినాను కదేటి!"

"అది మిమ్మల్ని ఏమార్చడానికి బావా. ఇది నిజం. ఒట్టు!"

"మొన్న కూడా ఒట్టే పెట్టినావు. కళ్లం రేవు దగ్గరికి నానెల్లి మూడు గంటలు..." అంతే. గీత పోయింది. మళ్లీ నొక్కాడు, పోలేదు. ఇంకోసారి. పోలేదు.

నమ్మాడో లేదో తెలియదు. వస్తాడో రాడో తెలియదు. ఆ రాతి మీదే ఉండిపోతే తన ప్రాణానికి ఢోకా లేదు. ఆ సంగతి ఎల్లాజీకి బాగానే తెలుసు. కానీ వస్తానని చెప్పాడు కదా. నీళ్లలోకి దూకాడు.

అతను గుహలోకి తిరిగొచ్చేసరికి అరుగు మీద నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. హైమావతి పిల్లని చంకనెత్తుకుంది. వరప్రసాదు ఇద్దరినీ గోడకి అదిమి పట్టుకున్నాడు. "ఏమన్నారు? వస్తున్నారా?" అని అడిగాడు.

"సెప్పానండి. నమ్మారో నేదో తెలీదు."

నోరు ఇప్పుడు ఒక చాపంత ఉంది. కాసేపటికి ఒక పీటంత అయింది. పెద్ద అల వచ్చినప్పుడల్లా వెలుగు పూర్తిగా పోయి, మళ్లీ వచ్చేది. పోయినప్పుడల్లా లాస్య ఒకటి, రెండు, మూడు అని పైకే లెక్కపెట్టేది. ఒకసారి పది దాకా లెక్కపెట్టింది.

పదకొండు అనబోతుంటే దగ్గు వినిపించింది.

దానయ్య బోటు దగ్గు! ఎల్లాజీకి ఏడుపొచ్చేసింది. "ఇక్కడ! బావా, ఇక్కడ!" అని గొంతు చిరిగేలా అరిచాడు. గోడలు కూడా నాలుగుసార్లు అరిచాయి.

పెద్ద బోటు లోపలికి పట్టదు కాబట్టి, దానయ్య లారీ టైరు ట్యూబుకి తాడు కట్టి అల మీద వదిలాడు. ముందు పిల్ల, తర్వాత హైమావతి, తర్వాత వరప్రసాదు. నోటి దగ్గర ముగ్గురి తలలూ రాతికి తగలకుండా ఎల్లాజీ తన వీపు అడ్డం పెట్టాడు. అందరి తర్వాత తను వచ్చాడు. అతని వెనకాలే నోరు మూసుకుపోయింది. లోపల స్పీడుబోటు గోడకి కొట్టుకుంటున్న చప్పుడు కొంచెంసేపు వినిపించింది. మర్నాడు పాటు వేళకి వెళ్తే దొరికినవి చెక్క ముక్కలే.

దానయ్య బోటులో పోలమ్మ కూడా ఉంది. తడిసిన మొగుణ్ణి తలనుంచి కాలిదాకా చూసింది. తన కొంగు తీసి లాస్య తల తుడిచింది.

"ఎలా నమ్మినావు బావా?" అన్నాడు ఎల్లాజీ.

"నానా? నాను నమ్మనేదు. మిగిలిన రెండు బోట్లూ ఇంకా దక్షిణంలోనే తిరగతన్నాయి. నమ్మింది నీ పెళ్లాం."

పోలమ్మ అప్పుడు నోరు విప్పింది. "పెళ్లయి పదేళ్లయినాది. అబద్ధం సెప్పినప్పుడు ఈయనగారు ఒక్కసారీ తడుముకోనేదు, నీళ్లలా సెప్పేత్తాడు. ఇయాల అన్న ఫోను స్పీకరులో ఇన్నాను, తడుముకున్నాడు. అందుకే ఇది నిజవని అన్నకి సెప్పినాను." అంతవరకు గట్టిగా చెప్పి, మొహం అటు తిప్పుకుని ఏడ్చేసింది.

ఒడ్డుకి చేరేసరికి నాలుగున్నర. మిగిలిన బోట్లకి ఫోను చేసి వెనక్కి పిలిచారు. దానయ్య భార్య చెల్లమ్మ ఎవరినీ అడగకుండా పొయ్యి మీద పెద్ద గిన్నె ఎక్కించేసింది. తడిబట్టలు మార్చుకుని అందరూ దానయ్య ఇంటి అరుగు మీదికి చేరారు గాని, ఎవరూ కూర్చోరు. వరప్రసాదు గేటు దగ్గర తల్లికి ఫోను చేసి ఉన్న సంగతంతా చెబుతున్నాడు, చీవాట్లు తింటున్నాడు. పోలమ్మ స్తంభానికి ఆనుకుని నిలబడింది. ఎల్లాజీ అయితే గుమ్మంలోకే రాలేదు. వీధిలోనే నిలబడి, "అయ్యా, తప్పు నాది. క్షమించమని అడిగే మొహం కూడా నేదు" అన్నాడు.

వరప్రసాదు ఫోను జేబులో పెట్టుకున్నాడు. "నువ్వు ఆ రాతి మీదే ఉండిపోవచ్చు కదయ్యా. తిరిగొచ్చావు. అది నేను మర్చిపోను. మిగతాది నువ్వు మర్చిపోకు" అన్నాడు.

"బోటే పోయినాక ఇంకెలా మర్చిపోతాడు?" అన్నాడు దానయ్య. "రేపట్నుంచి నా బోటు మీద రా. ఇద్దరవూ ఒకే పక్కకి పోదాం, నువ్వు నాకు అబద్ధం సెప్పే పనే ఉండదు!"

హైమావతికి నవ్వొచ్చింది. ఆమెని చూసి పోలమ్మకీ వచ్చింది. లాస్య మాత్రం ఎప్పుడో కంచం ముందు చతికిలబడి, "నాకు ఆకలేస్తోంది, మీరెవరూ కూర్చోరా?" అని అరిచింది. చెల్లమ్మ వేడన్నం, చేపల పులుసు తెచ్చింది. వరప్రసాదు కూర్చున్నాడు, హైమావతి కూర్చుంది, దానయ్య కూర్చున్నాడు. పోలమ్మ రెండు కంచాలు పక్కపక్కన పెట్టి, వీధిలో ఉన్న మొగుడి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి కూర్చోబెట్టి, తనూ కూర్చుంది.

నీతి: పోటీవాళ్ల దగ్గర ఏం దాచుకున్నా దాచుకోవచ్చు గాని, మన కోసం ఎదురుచూసే మనిషి దగ్గర మనం వెళ్లే చోటు ఎప్పుడూ దాచకూడదు.