తల్లిబొమ్మ ముక్కుపుడక

ఆ దొర పేరు ఇప్పుడెవరికీ గుర్తులేదు గానీ, ఆయన ఊళ్లో తోలుబొమ్మలాటంటే కొట్లాటే. ఎర్రక్క కొడుకులిద్దరూ చెరో తెర కట్టి ఒకే కథ ఆడేవారు. పెద్దోడి తల్లిబొమ్మకు ముక్కుపుడక బాగా మెరుస్తుందని సగం ఊరు, చిన్నోడి బొమ్మకే చీర ఎరుపు చిక్కనని మిగతా సగం తలలు పగలగొట్టుకున్నారు. విసిగిపోయిన దొర, ఎవరి ఆట గొప్పో తేల్చి ఓడినవాడి బొమ్మల్ని తగలబెట్టమన్నాడు.

ఎవరివి కాలినా చచ్చిపోయిన మొగుడు చేసిన బొమ్మలే. ఎర్రక్క ముందుకొచ్చింది.

"ఆట చూసినవాళ్లే గదా దొరా తీర్పు చెప్పాల?"

"ఊరంతా చూసింది. నేనూ చూశాను."

"అయితే కథలో ఆ తల్లి ఎందుకేడ్చిందో ఒక్కరు చెప్పండి బాబూ."

ముక్కుపుడకవాళ్లు చీరవాళ్ల వైపు, చీరవాళ్లు ముక్కుపుడకవాళ్ల వైపు చూశారు. దొర తల దించుకుని కాగడా ఆర్పించాడు.

బొమ్మలైతే దక్కాయి. బిడ్డను పోగొట్టుకున్న ఆ తల్లి కోసం మాత్రం, బొమ్మలు మూటగడుతూ ఎర్రక్క ఒక్కతే ఏడ్చింది.