వేసవిలో అడిగిన ప్రశ్న

పరాంకుశం మాస్టారికి నోటితో జవాబు చెప్పే అలవాటు లేదు. ఎవరేం అడిగినా "చెప్పులు వేసుకో" అనేవారు. ఎండనక వాననక ఆయన వెనక బయల్దేరాల్సిందే. ఆయన దగ్గర పనిచేసిన రోజుల్లో నా చెప్పులు అరిగినంతగా నా బుర్ర అరగలేదని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. ఆవిడ మాటలో అబద్ధమేమీ లేదు.

మేం చేసే పనేమిటో ముందు చెప్పాలి. విదేశీ బ్యాంకులు అప్పిచ్చి మన దగ్గర రోడ్లు, కాలవలు, కరెంటు లైన్లు వేయిస్తాయి. ఆ మంచిపని చేస్తూ చేస్తూ ఎవరి కొంప ముంచుతామో, ఏ చెట్టుకో పుట్టకో చేటు తెస్తామో ముందుగానే చూసి చెప్పడం మా వంతు. మేం చూసి, అడిగి, రాసి, దాని కింద మాస్టారు సంతకం పెట్టాకే గునపం నేలని తాకాలి. అందరూ దీన్ని సేఫ్‌గార్డ్స్ అంటారు. మాస్టారు మాత్రం కాపలా అనేవారు. మమ్మల్ని కాపలావాళ్లనేవారు. విదేశంలో చదువుకొచ్చిన సుచరితకి ఆ మాట వింటే ఒళ్లు మండేది.

సుచరిత మంచి పిల్ల. పిట్ట కొంచెం, కూత ఘనం. ఆమె సొంతంగా చేపట్టిన మొదటి పని గెడ్డవలస రోడ్డు. శ్రీకాకుళం వైపు, సముద్రానికి కాస్త ఇవతల, చిత్తడి పొలాల మధ్య ఉంటుందా ఊరు. వానలు పడితే ఊరి ముందరి గెడ్డ, అంటే వాగు, పొంగుతుంది. ఇక ఊరు ఊరంతా లంకే. నొప్పులొచ్చిన ఆడమనిషిని మంచం మీద పడుకోబెట్టి, నడుంలోతు నీళ్లలో మోసుకుపోవాలి. కిందటేడు ఒక పిల్ల ఆ మంచం మీదే ప్రాణం విడిచింది. అందుకే ఊళ్లో ఎవరిని కదిపినా రోడ్డు, రోడ్డు అన్నదే మాట.

ఊరి మొదట్లో దారికి ఒక పక్క వరసగా పాత చింతచెట్లు, రెండో పక్క దాలమ్మ అనే ఆవిడ పశువులశాల. రోడ్డు వెడల్పు కావాలంటే ఏదో ఒక పక్క పోవాలి. ఇంజనీర్లు చెట్లు కొట్టేద్దామన్నారు. అదే గీసుకొచ్చారు. మే నెలలో సుచరిత వెళ్లి ఆడవాళ్లని విడిగా కూర్చోబెట్టి అడిగింది. "ఈ చెట్లతో మీకేమైనా పనుందా? వీటి మీద ఏవైనా ఉంటాయా, పిట్టలో పురుగులో?" అని ఒకటికి రెండుసార్లు అడిగింది. నేనూ పక్కనే ఉన్నాను. ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "మాకేటీ పన్నేదమ్మా. ఏటీ నేవు" అన్నారు. దాలమ్మ మాత్రం లేచి, చీర కుచ్చెళ్లు దోపుకుని, "నా శాల గోడ మీద సెయ్యేస్తే మాత్రం ఊరుకోను. నా మావ కట్టిన శాల అది" అని పెద్ద రాద్ధాంతం చేసింది. శాల జోలికి ఎవరూ రారని చెప్పి ఆవిడని కూర్చోబెట్టేసరికి మా తల ప్రాణం తోకకొచ్చింది.

ఆ రోజు మాస్టారు ఒక్క మాటే అన్నారు. చెట్ల కింద నిలబడి తల పైకెత్తి, "చింతకాయ దులపలేదేం?" అన్నారు. నిజమే, కాయ చెట్టునే ఎండి గలగలలాడుతోంది. "కూలీలు దొరికుండరు మాస్టారూ" అంది సుచరిత. మాస్టారు హుం అన్నారు. కొమ్మల్లో పాత పుల్లల గూళ్లు కొన్ని చిందరవందరగా ఉన్నాయి. కాకులవి అయ్యుంటాయనుకున్నాం.

సుచరిత రిపోర్టు రాసింది. మాస్టారు సంతకం పెట్టలేదు. జూన్ పోయింది, వినాయక చవితి పోయింది. కాంట్రాక్టరు ఫోన్లు చేస్తున్నాడు, బ్యాంకువాళ్లు ఢిల్లీ నుంచి కబుర్ల మీద కబుర్లు. మాస్టారు "దసరా వెళ్లనీ" అంటారు. దసరా వెళ్లిన మర్నాడు ఆ పిల్ల ఓపిక తెగిపోయింది.

"మాస్టారూ, మేం అడిగాం. వాళ్లు లేదన్నారు. ఊరి జనం నోటితో చెప్పాక కూడా నమ్మకపోతే ఇంక అడగడం దేనికి? అక్కడ దాలమ్మ కూతురు నిండు నెలలతో ఉందట. రోడ్డు లేక ఆ పిల్లకేమైనా అయితే ఆ పాపం ఎవరిది, సంతకం పెట్టని మీది కాదూ?"

ఆయన్ని అంత మాట ఎవరూ అనలేదు అంతవరకు. మాస్టారికి కోపం రాలేదు. మొహం మాత్రం చిన్నబోయింది. కిటికీలోంచి ఆకాశం కేసి చూసి, "మంచి ప్రశ్న. చెప్పులు వేసుకో" అన్నారు.

గెడ్డలో నీళ్లు ఇంకా మోకాలి బంటి ఉన్నాయి. జీపు పొర్లుతూ, ముక్కుతూ ఎలాగో ఊరు చేరింది. దాలమ్మ గుమ్మంలోనే ఎదురైంది. వెనకాల ఆవిడ కూతురు రాజులమ్మ గోడ పట్టుకుని నిలబడింది. కడుపు చూస్తే ఇవాళో రేపో అన్నట్టుంది. సుచరితకి ప్రాణం లేచొచ్చింది.

"ఎన్నో నెలండీ? డాక్టరు ఎప్పుడన్నారు?" అని గబగబా అడిగింది.

దాలమ్మ మొహం ముడుచుకుంది. "ఎన్నో నెలేటమ్మా? ఏటీ నేదు. ఊరికే సూసిపోడానికొచ్చింది" అంది.

అంత కడుపు ఎదురుగా పెట్టుకుని ఏమీ లేదంటుంటే నాకు నవ్వాగలేదు. సుచరిత నా వైపు గుడ్లురిమింది. రాజులమ్మ తల వంచుకుని, పైట సర్దుకుని, కడుపు దాచుకోబోయింది. దాగేదా అది! మాస్టారు మాత్రం గంభీరంగా, "అవునవును, పుట్టిల్లు కదా, చూసిపోవాలనుంటుంది" అన్నారు. దాలమ్మ ఆయనకి మంచినీళ్లు తెచ్చిచ్చింది. మాకు కాస్త ఆలస్యంగా ఇచ్చింది.

ఆ రాత్రి బడిలో పడుకున్నాం. తెల్లవారుతుండగా మాస్టారు తట్టి లేపారు. బయటికొస్తే ఊరు అప్పటికే మేలుకుని ఉంది, కానీ చప్పుడు లేదు. చింతచెట్ల కింద ఆడవాళ్లు ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గులు పెడుతున్నారు. రోజూ చెవులు చిల్లులు పడేలా మోగే గుడి మైకు కూడా మూగబోయింది. కుక్కల్ని కట్టేశారు. మోటారు సైకిళ్లని దూరం నుంచే నడిపించుకొస్తున్నారు. ఎందుకని అడగబోతే ఒక ముసలాయన పెదవి మీద వేలుంచుకున్నాడు.

సముద్రం వైపు ఆకాశం ఎర్రబడుతోంది. ముందు ఒక్క పక్షి కనబడింది. చెట్ల మీద గుండ్రంగా ఓ చుట్టు తిరిగింది, మళ్లీ తిరిగింది. దారి మరచిపోయి వెతుక్కుంటోందా అనిపించింది. ఆ తర్వాత... ఎలా చెప్పను? ఆకాశం అంచున సన్నని గీత ఒకటి లేచింది. దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి. గీతలన్నీ దగ్గరకొచ్చి రెక్కలైపోయాయి. మనిషి చాచిన చేతులకంటే పొడుగాటి రెక్కల గూడబాతులు. పచ్చటి ముక్కులు, తోక దగ్గర గులాబీ రంగు పూసుకున్న ఎర్రకాళ్ల కొంగలు. తలల మీంచి వెళుతుంటే ఆ గాలి మా మొహాలకి తగిలింది. ఏ దేశాల్నించో, ఎన్ని నీళ్లు దాటో వచ్చి, ఒక్కొక్కటే తన కొమ్మ తనకి తెలిసినట్టు దిగుతున్నాయి. మేం కాకిగూళ్లు అనుకున్న ఆ పాత పుల్లల మీదే దిగుతున్నాయి. నా వయసులో నేనేడవకూడదు. ఏడ్చాను.

ఊరంతా దారిలో నిలబడి తలలెత్తి చూస్తోంది. గొంతెత్తినవాడు లేడు. చంకలో పిల్లలు కూడా నోళ్లు తెరిచి ఊరుకున్నారు. చివరి గుంపు దిగాక దాలమ్మ పసుపు గిన్నె తీసుకుని మొదటి చెట్టు దగ్గరికి వెళ్లింది. బోదెకి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టింది, పుట్టింటికొచ్చిన ఆడపిల్లకి పెట్టినట్టే. మిగతా ఆడవాళ్లూ వెళ్లి తలో చెట్టుకీ పెట్టారు. అప్పుడు నోళ్లు విచ్చుకున్నాయి. ఇన్ని నెలలుగా దాచుకున్న మాటలన్నీ ఒక్కసారి బయటపడ్డాయి. ఫలానా కొమ్మ మీది పక్షి కిందటేడు ముగ్గురు పిల్లల్ని పెట్టిందనీ, గాలివానకి పడిన కూనని ఎవరింట్లో పెంచారనీ ఒకటే గోల.

సుచరిత అప్పటికింకా అలాగే నిలబడి ఉంది. అలవాటు కొద్దీ చెయ్యి లేచింది. వేలు చూపిస్తూ ఒకటి, రెండు అని లెక్కపెట్టబోయింది. దాలమ్మ చటుక్కున వచ్చి ఆ వేలు మెల్లిగా మడిచేసింది.

"లెక్కెట్టకమ్మా. పురిటికొచ్చినోళ్లు."

సుచరిత ఆవిడ వైపు తిరిగింది. "మే నెలలో అడిగానమ్మా. ఒకటికి రెండుసార్లు అడిగాను. ఏమీ లేవన్నారు."

"ఇంకా రాని ఆడపిల్లల గురించి ఎవులైనా ముందే నోరు జారతారేటమ్మా? దిష్టి తగిలి దారిలో ఏటైనా అయితే? ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని నవ్వరా లోకం?"

"మరి చెట్లతో పనేమీ లేదన్నారు?"

"మాకేటి పని? కాయైనా దులపం. అయ్యి మావి కావు, ఆళ్లవి" అంది దాలమ్మ తలతో పైకి చూపించి.

సుచరిత చెట్టు మొదట్లో కూర్చుండిపోయింది. మెల్లగా, దాచకుండా చెప్పింది. రోడ్డు వెడల్పు కోసం ఈ చెట్లే కొట్టేయాలని గీశారు, కాగితం మీద ఒక్క సంతకమే తక్కువ అని. విన్నవాళ్లు విన్నచోటే ఆగిపోయారు. రోడ్డు వెడల్పవుతుందని వాళ్లకి మేం ముందే చెప్పాం, పటం కూడా చూపించాం. పటంలో గీత చెట్ల మీంచి పోతోందని వాళ్లకి తట్టలేదు. ఆడపిల్లలు పురుడు పోసుకునే ఇల్లు ఎవరైనా కూలుస్తారన్నది వాళ్ల ఊహకే రాలేదు.

"అయితే రోడ్డు నేదా?" అన్నాడు ముసలాయన. ఆ గొంతులో కిందటేడు మంచం మీద పోయిన పిల్ల ఉంది. ఆ పిల్ల అతని మనవరాలే. ఎవరూ ఎవరి వైపూ చూడటంలేదు. పైన మాత్రం పక్షులు ముక్కులు టకటకలాడిస్తూ పుల్లలు సర్దుకుంటున్నాయి.

దాలమ్మ కూతురి వైపు చూసింది. చెట్ల వైపు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత దారి దాటి వెళ్లి, తన శాల గోడ మీద అరచెయ్యి ఆనించింది. మామగారు కట్టిన గోడ, మే నెలలో మమ్మల్ని ముట్టనివ్వని గోడ.

"ఇటేపు జరుపుకోండమ్మా. పసువులు నా పెరట్లోనైనా ఉంటాయి. ఈ పిల్లా పురిటికే వొచ్చింది, ఆళ్లూ పురిటికే వొచ్చినారు. ఒకరికి దారిచ్చి ఒకరికి గూడు తీసేస్తే నానేటి తల్లిని?"

తన నోటితోనే కూతురి పురుడు మాట అనేసిందని అప్పుడు గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. గబగబా రాజులమ్మకి దిష్టి తీసి పడేసింది. ఊరంతా నవ్వింది. కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

సుచరిత వెంటనే కాగితం తియ్యబోయింది. మాస్టారు వద్దని చెయ్యి ఊపారు. "ఈ రోజున ఆవిడ ప్రాణమడిగినా ఇస్తుంది. వారం పోయాక, పాలు పితికే వేళ వచ్చి మళ్లీ అడుగు. శాలకి పరిహారంగా రావలసిందేమిటో అదీ చెప్పి అడుగు. అప్పుడూ ఇస్తానంటేనే ఇచ్చినట్టు" అన్నారు. ఆ తర్వాత వారం సుచరిత వెళ్లి అడిగింది. దాలమ్మ కొత్త శాలకి తలుపు ఎటు పెట్టాలో చెప్పి పంపించింది.

ఆ పొద్దున మేం బయల్దేరేటప్పుడు మాస్టారు జీపునీ డ్రైవరునీ ఊళ్లోనే వదిలేశారు, రాజులమ్మకి నొప్పులొస్తే ఉంటుందని. "ఊరికే ఉంచుతున్నానమ్మా, బండికి కాస్త రిపేరుంది" అని దాలమ్మతో అన్నారు. దాలమ్మ అర్థమైనట్టు తలూపి, కొంగుతో కళ్లొత్తుకుంది. సుచరిత రాజులమ్మ దగ్గరికి వెళ్లింది. ఆ నిండు కడుపు కేసి చూసి, రెండు చేతులూ పట్టుకుని అడిగింది.

"ఊరికే చూసిపోడానికొచ్చావు కదూ?"

"అవునక్కా" అంది రాజులమ్మ, మొహం చేటంత చేసుకుని.

గెడ్డ దగ్గర చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్లలో దిగాం. సగం దాటాక సుచరిత వెనక్కి తిరిగి ఆ చెట్ల వైపు చూసింది. చెట్లు తెల్లగా ఉన్నాయి.

"మాస్టారూ, నేను అడిగినప్పుడు వాళ్లు జవాబే చెప్పలేదనుకున్నాను."

"ఎందుకు చెప్పలేదూ?" అన్నారు మాస్టారు, నీళ్లలో అడుగు చూసుకుని వేస్తూ. "నువ్వు వేసవిలో అడిగావు. వాళ్లు ఇవాళ చెప్పారు."