వెలుగు గుహ గోరింకలు

నీలగోన అడవిలో తునికి చెట్లు, మద్ది చెట్లు, వాటి మధ్య నల్లరాతి గుట్టలు ఉండేవి. అక్కడ ఒక నక్క, ఒక ముళ్లపంది, ఒక ముసలి ఉడుము, ముంగిసలు, దుప్పులు, కుందేళ్లు కాపురం ఉండేవి. చెట్ల నిండా గోరింకలు ఉండేవి. ఈ కథలో పులి లేదు. పులి వస్తే అందరూ దాని గురించే మాట్లాడుకుంటారు, అసలు సంగతి వెనకబడిపోతుంది.

గోరింక సంగతి మీకు తెలిసే ఉంటుంది. అది విన్న మాటను విన్న గొంతుతోనే తిరిగి పలుకుతుంది. అర్థం దానికి తెలియదు. అర్థం తెలియదు కనుక అబద్ధం చెప్పడమూ తెలియదు. మనుషుల్లో అర్థం తెలియకుండా అబద్ధాలు చెప్పేవాళ్లు కూడా ఉన్నారు కాని, ఆ దారిలోకి వెళితే మళ్లీ అడవికి తిరిగి రాలేం.

నీలగోనలో ఒక ఆచారం ఉండేది. ఎవరైనా ఒక వింత చూడటానికి వెళితే, చూసి బయటికి వచ్చాక, అక్కడున్న మద్దిచెట్టు కింద నిలబడి ఎలా ఉందో ఒక్క మాట చెప్పాలి. కొమ్మమీది గోరింకలు ఆ మాట పట్టుకుని పొద్దు వాలేలోగా అడవంతా పలికేవి. మర్నాడు ఎటు వెళ్లాలో జంతువులు దాన్నిబట్టి తేల్చుకునేవి. ఇప్పుడు మనం కొత్త చోటికి బయలుదేరే ముందు ఫోను తీసి, వెళ్లొచ్చినవాళ్లు ఏమన్నారో చూసుకోవడం లేదూ? అలాగే అన్నమాట. కాకపోతే గోరింక పలికితే ఆ గొంతు ఎవరిదో అందరికీ తెలిసిపోయేది.

ఆ అడవిలో చూడదగ్గ వింతలు రెండు. ఒకటి పాలధార అనే జలపాతం. దాని పక్కన ముళ్లపంది సూరమ్మ ఉండేది. వచ్చినవాళ్లను రాతి అంచు దాకా తీసుకెళ్లి నీళ్లు చూపించేది. రెండోది వెలుగు గుహ. దాని మూతి దగ్గర నక్క జంబయ్య కూర్చునేవాడు. గుహలో మూడు మలుపులు. మూడో మలుపు దాటాక ఒక మడుగు. మిట్టమధ్యాహ్నం పైకప్పు కంతలోంచి ఒక్క వెలుగు కడ్డీ దిగి ఆ నీళ్లను తాకేది. అప్పుడు గోడలన్నీ వేల కళ్లు తెరిచినట్టు మెరిసేవి. చూసినవాళ్లు మాట్లాడటం మరిచిపోయేవారు. లోపలికి వెళ్లేవాళ్లు జంబయ్యకు ఒక పండో, రెండు పుట్టగొడుగులో ఇచ్చేవారు.

పాలధార దగ్గర ఒకసారి ఒక కుందేలు జారి పడింది. రాయి పాచి పట్టిందని, మోకాలు చెక్కుకుపోయిందని గోరింకలతో చెప్పింది. సూరమ్మ ఆ మాట విని స్వయంగా వెళ్లి రాయి మీద నడిచి చూసింది. తనూ జారింది. ఆ సాయంత్రమే ఇసుక తెచ్చి పరిచింది. తరవాత గోరింకలతో ఇలా అంది: "కుందేలు చెప్పింది నిజం. నేనూ జారాను. ఇసుక పోశాను. అయినా పిల్లల్ని చెయ్యి పట్టుకునే తీసుకురండి. ముందు కుందేలు మాట చెప్పండి, దాని వెనక నా మాట చెప్పండి."

కుందేలు మాట ఆపించేస్తే సరిపోయేది కదా అని కొందరు నవ్వారు. సూరమ్మ ఇంకాస్త ఇసుక తెచ్చి పోసింది. ముళ్లపందులు సహజంగానే తక్కువ మాట్లాడతాయి.

వెలుగు గుహ గురించి మొదటి చెడ్డమాట చెప్పింది ముసలి ఉడుము బండయ్య. ఉడుము పొట్ట నేలకు ఆనించి నడుస్తుంది కనుక కాళ్ల మీద నడిచేవాళ్లకు తెలియనివి దానికి తెలుస్తాయి. బండయ్య మద్దిచెట్టు కింద నిలబడి నెమ్మదిగా చెప్పాడు: "మూడో మలుపు దగ్గర నేల డొల్లగా ఉంది. కింద ఏదో ఊపిరి తీస్తున్నట్టు నా పొట్టకు చల్లగా తగిలింది."

జంబయ్యకు ఒళ్లు మండింది. అతను ఆ మూడో మలుపు దాకా వెళ్లి ఏడాది దాటింది. మూతి దగ్గర కూర్చుంటే పళ్లు వస్తున్నాయి, లోపలికి వెళ్లే పనేముంది? గోరింకలను పిలిచి తన జవాబు చెప్పాడు. ఉడుము తాతకు వయసు మీదపడిందని, తన పొట్టలో గాలి చప్పుడే విని భయపడి ఉంటాడని అన్నాడు. అడవంతా నవ్వింది. బండయ్య ఆ తరవాత గుహవైపు వెళ్లలేదు.

పది రోజులకు ఒక దుప్పి వచ్చి చెప్పింది. మూడో మలుపు దగ్గర తను గిట్ట పెడితే, ఒక క్షణం ఆగి, కింద ఇంకెవరో గిట్ట పెట్టినట్టు వినిపించిందట. ఆ మాట పలికిన మర్నాడు గుహకు సగం మందే వచ్చారు.

జంబయ్య ఆలోచించాడు. నేల బాగుచెయ్యాలంటే రాళ్లు మోయాలి. మాట బాగుచెయ్యాలంటే మేడిపళ్లు చాలు.

మంచిమాట పలికిన గోరింకకు మేడిపండు పెట్టాడు. చెడ్డమాట పలికినదాన్ని కొమ్మ ఊపి తరిమాడు. ఇంకో పని కూడా చేశాడు. బయటికి వచ్చాక జంతువులు నిలబడి ఆలోచించుకుంటున్నాయి, అందుకే తప్పులు గుర్తొస్తున్నాయి అనుకున్నాడు. గోరింకలను మద్దిచెట్టు మీంచి తెచ్చి గుహ మూతి లోపలి రాళ్ల మీదే కూర్చోబెట్టాడు. వెలుగు చూసి నోరు తెరిచినప్పుడే గొంతు పట్టుకోవాలి. వాటికి నేర్పిన మాటలు రెండే: "చాలా బాగుంది. మళ్లీ వస్తాను."

ఒక వేసవి గడిచింది. ముసలి గోరింకలు ఎగిరిపోయాయి. ఆ రాళ్ల మీదే పుట్టిన పిల్లలు మిగిలాయి. వాటికి ఇంకే మాటా రాదు. లోపల ఎవరు నవ్వినా, దగ్గినా, ఏడ్చినా, ఆ గొంతు పట్టుకుని ఆ రెండు మాటలే పలికేవి. గొంతు వచ్చినవాడిది, మాట మేడిపండుది.

అడవి విరగబడి వచ్చింది. ఎప్పుడైనా ఒక దుప్పి ఇంటికి వెళ్లి నాకేం బాగాలేదని చెబితే, నీ గొంతుతోనే బాగుందన్నావు కదా అని పక్క దుప్పులు వెక్కిరించేవి. చివరికి ఆ దుప్పికే అనుమానం వచ్చేది, బాగుందేమోనని.

తొలకరి పడ్డాక ముంగిస ఎర్రన్న ఒక్కడే గుహ చూడటానికి వెళ్లాడు. భార్య పోలమ్మకు ఒంట్లో నలతగా ఉండి ఇంట్లో ఉండిపోయింది. మధ్యాహ్నం దాటగానే ఇంటి ముందు తునికి కొమ్మ మీద ఒక గోరింక వాలింది. "చాలా బాగుంది. మళ్లీ వస్తాను," అంది ఎర్రన్న గొంతుతో.

పోలమ్మ సంతోషించి చీకటి పడేదాకా చూసింది. ఎర్రన్న రాలేదు.

మర్నాడు పొద్దున మళ్లీ ఆ గొంతు పలికింది. వాగు దగ్గర పలికింది. ఇప్పచెట్టు మీద పలికింది. అడవిలో ఎటు వెళ్లినా ఎర్రన్న గొంతు ఉంది, ఎర్రన్న లేడు. దాని మర్నాటికి ఆ గొంతు కాస్త బొంగురుపోయింది. గోరింక ఉన్నది ఉన్నట్టే పలుకుతుంది కదా. గొంతు మారిందంటే, ఎర్రన్న ఇంకా ఎక్కడో నోరు తెరుస్తున్నాడన్నమాట. పోలమ్మ పరుగున గుహ దగ్గరికి వెళ్లింది.

"అన్నా, మా ఆయన బయటికి రాలేదు," అంది.

జంబయ్య పండు నములుతూనే నవ్వాడు. "విన్నావు కదమ్మా, బాగుందన్నాడు. మగవాడు, అటునించటే షికారు వెళ్లుంటాడు. నాలుగు రోజులు నీ పోరు తప్పిందని హాయిగా ఉన్నాడేమో."

పోలమ్మ ఏడుస్తూ పాలధారకు వెళ్లింది. సూరమ్మ అంతా విని, దారిలో ఉడుము బండయ్యను వెంటబెట్టుకుని వచ్చింది. అప్పటికి గుహ ముందు పాతికమంది వరస కట్టి ఉన్నారు. సూర్యుడు నడినెత్తికి వస్తున్నాడు.

"జంబయ్యా, ఎర్రన్న బయటికి రావడం నువ్వు చూశావా?" అని అడిగింది సూరమ్మ.

"మాట వచ్చింది కదా."

"మాట సంగతి కాదు నేనడిగేది."

వరసలో ఉన్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జంబయ్యకు పరువు పోతున్నట్టు అనిపించింది. ఉడుము పొట్టను, ముళ్లపంది అసూయను నమ్ముకుంటే అడవి బాగుపడదని చెప్పాడు. తనే లోపలికి వెళ్లి మడుగులో నీళ్లు తాగి వస్తానన్నాడు. తోక ఎత్తి, అందరికీ కనిపించేలా నడిచాడు. బండయ్య ఒక్కటే మాట అన్నాడు, గోడవారగా నడవమని. జంబయ్య నడిమధ్యనే నడిచాడు.

మొదటి మలుపు. రెండో మలుపు. అడుగుల చప్పుడు చిన్నదైంది.

తరవాత లోపల ఏదో కూలిన చప్పుడు, పెద్ద కుండ దూరంగా పగిలినట్టు. మూతిలోంచి చల్లటి గాలి ఒక్కసారి బయటికి కొట్టింది. తడిమట్టి వాసన వేసింది.

రాళ్ల మీది గోరింకలు మెడలు తిప్పాయి. "చాలా బాగుంది. మళ్లీ వస్తాను," అన్నాయి, జంబయ్య గొంతుతో.

వరసలో వాళ్లు హమ్మయ్య అనుకున్నారు. ముందున్న కుందేళ్లు లోపలికి అడుగేశాయి. సూరమ్మ గబుక్కున వాటి ముందుకు వెళ్లి ముళ్లన్నీ విప్పి గుహ మూతికి అడ్డంగా నిలబడింది.

"ఇది అతని ఇల్లు," అంది. "ఇంట్లో ఉన్నవాడు మళ్లీ వస్తాననడమేమిటి?"

కుందేళ్లు అడుగు వెనక్కి వేశాయి. గోరింకలు మళ్లీ పలికాయి. ఈసారి గొంతు వణికింది. మాటలు అవే. మూడోసారి పలికినప్పుడు ఆ గొంతు ఏడుస్తోంది. చాలా బాగుంది అంటూ ఏడుస్తోంది. నడి ఎండలో నిలబడ్డ దుప్పులకు వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

సూరమ్మ గోరింకలను తోలించింది. రెక్కల చప్పుడు అణిగాక అందరూ చెవులు పెట్టారు. అప్పుడు వినిపించింది, నేల లోపలినుంచి, సన్నగా: "పోలమ్మా."

అది ఎర్రన్న. రెండు రోజుల కిందట మూడో మలుపు అంచున చిన్న బొరియ పడితే అందులోకి జారిపోయాడు. రాతి చెమ్మ నాకి బతికున్నాడు. పక్షుల రొదలో, ఆ మలుపు దాటినవాళ్లకు కూడా అతని కేక వినిపించలేదు. అతను పిలిచిన ప్రతి పిలుపునూ గోరింకలు పొగడ్తగా మార్చి మోసుకెళ్లాయి.

బండయ్య ముందుకు వచ్చాడు. ఉడుము పట్టు ఎలాంటిదో చెప్పక్కర్లేదు. కోటగోడలు ఎక్కేవాళ్లు ఉడుము నడుముకు తాడు కట్టి పైకి విసిరేవారని పాత కథల్లో ఉంది. అది నిజమో కాదో నాకు తెలియదు. ఆ రోజు మాత్రం బండయ్య నడుముకు అడ్డతీగ కట్టారు. గోడ పట్టుకుని, పొట్టతో నేలను తడుముకుంటూ దిగాడు. కాసేపటికి ఎర్రన్నను వీపు మీద ఎక్కించుకుని పైకి వచ్చాడు. పోలమ్మ తిట్టాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది.

బండయ్య మళ్లీ దిగాడు. జంబయ్య ఇంకా లోతుకు పడ్డాడు. అక్కడ చీకటి నాలుగు వైపులకూ చీలిపోయింది. ఎటు వెళ్లాలో తెలియాలంటే గొంతు వినాలి. "జంబయ్యా, పలుకు. ఎక్కడున్నావు?" అని అడిగాడు.

అప్పటికే మేడిపళ్ల వేళ అయింది. రోజూ పండు తినే వేళ. తోలిన గోరింకలన్నీ పైకప్పు కంతలోంచి గుంపుగా లోపలికి దిగాయి. చీకట్లో, నాలుగు చీలికల్లోనూ, ప్రతి రాతి మీదినుంచీ జంబయ్య గొంతు పలికింది. చాలా బాగుంది. చాలా బాగుంది. మళ్లీ వస్తాను. అందులో అసలు గొంతు ఏదో బండయ్య పోల్చుకోలేకపోయాడు. ఒక చీలికలోకి వెళ్లాడు. గోరింక ఉంది. ఇంకో చీలికలోకి వెళ్లాడు. అక్కడా గోరింకే. పక్షులను తరిమేసరికి వెలుగు కడ్డీ నీళ్ల మీంచి జరిగిపోయింది. కింద నిశ్శబ్దంగా ఉంది. ఎంతసేపు చెవి పెట్టినా మరి ఏమీ వినిపించలేదు.

మర్నాడు జంతువులన్నీ కలిసి గుహ మూతికి రాళ్లు పేర్చాయి. వేసవిలో ఎగిరిపోయిన ముసలి గోరింక ఒకటి తిరిగి వచ్చి మద్దిచెట్టు మీద వాలింది. అది మరిచిపోలేదు. "మూడో మలుపు దగ్గర నేల డొల్లగా ఉంది," అని బండయ్య గొంతుతో పలికింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఇప్పుడు నీలగోనకు వచ్చేవాళ్లంతా పాలధారకే వెళతారు. దారిలో వాళ్లకు మొదట కుందేలు ఫిర్యాదు వినిపిస్తుంది. వెనకే సూరమ్మ జవాబు వినిపిస్తుంది. పిల్లల చెయ్యి పట్టుకుని, ఇసుక మీద నెమ్మదిగా నడుస్తారు.

మిట్టమధ్యాహ్నం మాత్రం ఎవరూ గుహ ఉన్న గుట్ట వైపు వెళ్లరు. ఆ వేళ గుహను మూసిన రాళ్ల మీద, తరవాత పుట్టిన గోరింక పిల్లలు వరసగా కూర్చుంటాయి. పండు పెట్టేవాడు లేడు. అయినా మెడలు తిప్పి, జంబయ్యను చూడనైనా చూడని ఆ పిల్లలు అతని గొంతుతో అంటాయి: "చాలా బాగుంది. మళ్లీ వస్తాను."

నీతి: తన తప్పు చెప్పే నోళ్లు మూయించినవాడికి, ఆపదలో తన కేక వినిపించే నోరు కూడా మిగలదు.